రెండో రిమోట్

ఆఫీసులో అతన్ని అందరూ తాళాల్రావు అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతం స్లిప్పు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. మందుల కంపెనీ గోదాముకి అతను ఇన్‌ఛార్జి. సాయంత్రం తాళం వేసి ఒకసారి లాగి చూస్తాడు. నాలుగడుగులు వేసి వెనక్కొచ్చి మళ్ళీ లాగుతాడు. గేటు దాకా వెళ్ళాక, ఎందుకైనా మంచిదని వాచ్‌మన్‌ని పంపి ఇంకోసారి లాగిస్తాడు. "ఇట్లా లాగితే దొంగ రానక్కర్లేదు సార్, తలుపే ఊడొస్తుంది" అని వాచ్‌మన్ సణుగుతాడు. తాళాల్రావు ఆ మాట చెవిన వేసుకోడు.

ఇంట్లోనూ అదే వరస. గుమ్మం పక్కన గోడకి చెక్క పలక, దానికి కొక్కేలు, ఒక్కో కొక్కెం పైన ఒక్కో రంగు చుక్క. ఉన్నది ఒక్క కారే, తాళాలు రెండు: ఎర్రచుక్క కింద అతనిది, నీలం చుక్క కింద మామగారిది. ఒకసారి మామగారు పొరపాటున ఆకుపచ్చ చుక్క కింద తగిలించారని భోజనం అయ్యేదాకా పాఠం చెప్పాడు. ఇంకోసారి ఆయన కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతుంటే, చుట్టాల ముందే, "ఇవాళ కళ్ళజోడు, రేపు కారు తాళం. ఆ రోజు ఎంతో దూరం లేదు మావయ్యగారూ" అని నవ్వాడు. చుట్టాలూ నవ్వారు. మామగారు కూడా, మర్యాదకి, నవ్వారు.

ఆయన ఉద్యోగమంతా బస్సు స్టీరింగు వెనకే గడిచింది. ఒక్క ప్రమాదం లేదు, ఒక్క మెమో లేదు. రిటైరయ్యాక కూతురి దగ్గరకి వచ్చేశారు. పొద్దున్నే మనవరాల్ని కారులో బడికి తీసుకెళ్ళడం, మధ్యాహ్నం తీసుకురావడం ఆయన పని. పని అనడం నేరం, అదే ఆయన ప్రాణం. బడికి వెళ్ళే దారిలో ప్రతి మలుపుకీ ఒక బస్సు కథ చెప్పేవారు. అపార్ట్‌మెంట్‌లో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని డ్రైవరుగారూ అని పిలిచేవారు, ఆయన ఆ పిలుపుకి ఛాతీ పొంగించేవారు.

సరే, ఆ రోజు ఎంతో దూరం లేదన్నాడు కదా తాళాల్రావు, నిజంగానే లేదు. కాకపోతే వచ్చింది అతనికి. కారు తాళం, దానికున్న రిమోట్‌తో సహా, ఎక్కడో పారేసుకున్నాడు. చొక్కా జేబులు, ప్యాంటు జేబులు, స్కూటర్ డిక్కీ, గోదాములో అట్టపెట్టెల సందులు, చివరికి చెత్తబుట్ట కూడా తిరగేశాడు. ఎన్ని వేల పెట్టెల్లో ఏది ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగిన మనిషికి సొంత తాళం ఏ గాలికి పోయిందో అంతు చిక్కలేదు.

భార్యతో చెప్తే ఒక్క నిమిషం నవ్వు, అంతే. అది అతనికి తెలియకపోలేదు. మామగారైతే నవ్వరు కూడా. "పోతే పోయింది లెండి బాబూ, వస్తువే కదా" అంటారు. ఆ మాట వినాల్సి వస్తుందనే అతని భయమంతా. ఎర్రచుక్క కింద ఖాళీ కొక్కేనికి గొడుగు తగిలించాడు. ఆఫీసుకి స్కూటర్ మీద వెళ్తాడు కనుక ఎవరూ పట్టించుకోలేదు.

షోరూంకి ఫోన్ చేస్తే, కారు ఎవరి పేరున ఉందో వాళ్ళే కాగితాలతో రావాలన్నారు. కారు భార్య పేరున ఉంది. ఆ దారి మూసుకుపోయింది. అప్పుడు ఆన్‌లైన్‌లో వెతికాడు. అచ్చం అలాంటిదే, కంపెనీ గుర్తు మాత్రం లేనిది, వేరేవాళ్ళు తయారుచేసిన రిమోట్ దొరికింది. ఆఫీసు అడ్రసుకి తెప్పించుకున్నాడు. బీరువాలో రిమోట్ లేని ఉత్త తాళంచెవి ఒకటి కారు కొన్నప్పటి నుంచీ పడుంది. దాన్ని చూపించి తాళాలు చేసేవాడి దగ్గర కొత్తదాన్ని కోయించాడు. ఇక మిగిలింది ఆ రిమోట్‌ని కారుకి పరిచయం చెయ్యడం. దానికి ఫోన్‌లో వీడియో ఉంది.

ఆదివారం మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్నప్పుడు పిల్లిలా కిందకి దిగాడు. మామగారు పొద్దున్నే కారు కడిగి, లోపల ఆరాలని తలుపులకి తాళం వెయ్యకుండా వదిలారు. అదీ కలిసొచ్చింది. లోపల కూర్చుని వీడియో పెట్టాడు. తాళం ఆన్ దాకా తిప్పాలట, వెనక్కి తిప్పాలట, అలా చకచకా ఆపకుండా తిప్పుతూ పోతే తలుపుల తాళాలు వాటంతటవే పడి లేస్తాయట, అప్పుడు రిమోట్ నొక్కాలట. మొదటిసారి మరీ నెమ్మదిగా తిప్పాడు. రెండోసారి మరీ తొందరపడ్డాడు. చెమటకి తాళంచెవి వేళ్ళలోంచి జారిపోతోంది. అద్దంలోంచి ఎవరైనా చూస్తున్నారేమోనని మెడ తిప్పి తిప్పి నొప్పి పుట్టింది. ఆ తర్వాత ఎప్పటికో నాలుగు తలుపులూ ఒక్కసారిగా టకామన్నాయి. అతను ఉలిక్కిపడి, వెంటనే రిమోట్ నొక్కాడు. మళ్ళీ టకామన్నాయి.

ఆ సంతోషంలో వీడియో అక్కడితో ఆపేశాడు. అందులో మనిషి ఇంకా ఏదో చెప్పబోతూ నోరు తెరిచే ఉన్నాడు. ప్రతిదీ రెండుసార్లు చూసుకునే మనిషి, ఆ ఒక్కటి మాత్రం ఒక్కసారి కూడా పూర్తిగా చూడలేదు. కారు దిగి రిమోట్‌తో తాళం వేశాడు, తలుపు లాగి చూశాడు, పైకొచ్చి గొడుగు తీసేసి ఎర్రచుక్క కింద కొత్త తాళం తగిలించాడు. ఆ పూట కాఫీ అతనికి చాలా బాగుంది.

మర్నాడు పొద్దున గడ్డం గీసుకుంటుండగా కింద నుంచి సైరన్ మోగింది. నురగ మొహంతోనే బాల్కనీలోకి పరిగెత్తాడు. కారు గుక్కపట్టి అరుస్తోంది. డ్రైవర్ తలుపు తెరిచి ఉంది. పక్కన మామగారు రిమోట్‌ని రెండు బొటనవేళ్ళతో మార్చి మార్చి నొక్కుతున్నారు. మనవరాలు చెవులు మూసుకుని నిలబడింది. అన్ని బాల్కనీల్లోనూ జనం.

"ఏంటి డ్రైవరుగారూ, బస్సు హారన్ గుర్తొచ్చిందా?" అని ఎదురింటి వకీలు అరిచాడు. నవ్వులు వినిపించాయి.

తాళాల్రావు లోపలికెళ్ళి ఎర్రచుక్క కింద తాళం తెచ్చి, పైనుంచే నొక్కాడు. కారు నోరు మూసుకుంది.

"ఏం నొక్కారు మావయ్యగారూ?" అని పైనుంచి అడిగాడు.

"తీసే బటనే నొక్కాను బాబూ. పలకలేదు. తాళంతో తీస్తే అరవడం మొదలెట్టింది."

"నాది పలికిందిగా!"

మళ్ళీ నవ్వులు. మామగారు తల వంచి చేతిలో రిమోట్‌ని చూసుకున్నారు. తర్వాత తన బొటనవేలిని చూసుకున్నారు. ఆ వేలిని ఆయన అలా చూసుకోవడం చూసి తాళాల్రావుకి ఎక్కడో కలుక్కుమంది.

ఆఫీసుకి వెళ్ళగానే అట్టపెట్టెల వెనక్కి వెళ్ళి వీడియో చివరిదాకా చూశాడు. నిన్న నోరు తెరిచి ఆగిపోయిన మనిషి ఇవాళ మాట పూర్తిచేశాడు. "అన్నట్టు, ముఖ్యమైన సంగతి. ఇంట్లో ఇంకో రిమోట్ ఉంటే దాన్ని కూడా ఇప్పుడే, ఇదే వరసలో నొక్కండి. లేదంటే బండి పాతవాటిని మరిచిపోతుంది." ఆ తర్వాత చిరునవ్వుతో సెలవు తీసుకున్నాడు.

మరిచిపోయింది కారన్నమాట. మామగారు కాదు.

వెంటనే భార్యకి ఫోన్ చేశాడు. చెప్పేద్దామనే చేశాడు, అందులో అబద్ధం లేదు. ఆమె "ఏంటండీ?" అనగానే మాట మార్చేశాడు. "ఏం లేదు, సాయంత్రం పాలు తేవాలా?" అన్నాడు. "రెండు ప్యాకెట్లు ఉన్నాయిగా, పొద్దున మీరే లెక్కపెట్టారు" అంది ఆమె.

సాయంత్రం ఇంటికి రాగానే ఆమె మామగారి రిమోట్ అతని చేతిలో పెట్టింది. "ఇది చెడిపోయిందేమో ఒకసారి చూడండి. నాన్న పొద్దుట్నుంచీ అదోలా ఉన్నారు."

గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకునే రకం అతను. చెడిపోయిందంటే ఆమె షోరూంకి తీసుకెళ్తుంది. అక్కడ ఎవరో మొన్ననే కొత్త రిమోట్ పెట్టారని చెప్తారు. ఆ తర్వాత గొడుగు సంగతి, వీడియో సంగతి, బాల్కనీలోంచి నవ్విన సంగతి, అన్నీ వరసగా బయటికొస్తాయి. రిమోట్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. బటన్ మీద వేలు పెట్టనైనా పెట్టకుండా తిరిగొచ్చాడు.

"బాగానే ఉంది. నేను చూశాను" అన్నాడు.

ఆమె మొహం పాలిపోయింది. "అయితే నాన్నకే..." అని ఆగిపోయింది. కాసేపటికి తనే ఒక్కొక్కటీ గుర్తుచేసుకుంది. పోయిన వారం పాలు పొంగబెట్టారు. మొన్న మనవరాల్ని కూతురి పేరుతో పిలిచారు. కళ్ళజోడు సంగతి సరేసరి. ఎవరింట్లోనైనా రోజూ జరిగేవే ఇవన్నీ. ఇప్పుడు మాత్రం ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని సాక్ష్యానికి నిలబడ్డాయి. తాళాల్రావు దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాడు.

డాక్టరు దగ్గరికి కారు అతనే నడిపాడు. మామగారు వెనక సీట్లో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆయన వెనక సీట్లో కూర్చోవడం అదే మొదలు.

డాక్టరు కుర్రవాడే, మర్యాదస్తుడు. గొడుగు, పావురం, నాణెం అని మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నాడు. గడియారం బొమ్మ వెయ్యమన్నాడు. టైము తప్పకుండా బస్సు తీసిన మనిషి, అంకెలన్నీ ఒక పక్కకే ఇరికించేశారు. కాగితం తిప్పి మళ్ళీ వేశారు.

"ఇందాకటి మూడు మాటలు చెప్పండి" అన్నాడు డాక్టరు.

"గొడుగు... నాణెం..." మామగారు కళ్ళు మూసుకున్నారు. నుదుటి మీద చెమట పట్టింది. అల్లుడి వైపు, అందించమన్నట్టు, ఒకసారి చూశారు. "రిమోట్" అన్నారు చివరికి.

డాక్టరు ఏదో రాసుకున్నాడు. పెద్ద జబ్బులా కనపడటం లేదని, కంగారు మాత్రం చాలా ఉందని, ఎందుకైనా మంచిది కొన్నాళ్ళు స్టీరింగు పట్టుకోవద్దని చెప్పాడు. ఎందుకైనా మంచిది అన్న మాట తాళాల్రావు జీవితంలో ఎన్నిసార్లు వాడుంటాడో. ఇతరుల నోట విన్నప్పుడు అది అంత చేదుగా ఉంటుందని అతనికి తెలియదు. పక్క కుర్చీలో కూర్చున్న అతని జేబులో ఎర్రచుక్క తాళం ఉంది. అప్పుడైనా చెప్పొచ్చు. సిగ్గుతో చెవులు కాలిపోతుంటే, జేబులోనే దాన్ని గుప్పిట్లో బిగించాడు.

ఇంటికొచ్చాక మామగారు తన తాళాన్ని నీలం చుక్క కింద తగిలించారు. ఆ తర్వాత దాన్ని ముట్టుకోలేదు.

మనవరాలు బడి వ్యాన్‌లో వెళ్ళడం మొదలెట్టింది. "ఆ అంకుల్ కథలు చెప్పడు, పాటలు కూడా పెట్టనివ్వడు" అని ఏడ్చింది. మామగారు గేటు దాకా వెళ్ళి చెయ్యూపి వచ్చేవారు. వాకింగ్ మానేశారు, దారి తప్పుతానేమోనని. మాత్ర వేసుకున్నానా అని కూతుర్ని అడిగేవారు. పాలు కాచి, స్టౌ కట్టేసి, వంటింటి గుమ్మం దాకా వచ్చి, మళ్ళీ వెనక్కెళ్ళి కట్టేశారో లేదో చూసేవారు. తలుపు గడియ వేసి లాగేవారు, మళ్ళీ వచ్చి లాగేవారు. ఇంట్లో ఇద్దరు తాళాల్రావులు తయారయ్యారు. మొదటివాడికి అన్నం సహించడం మానేసింది. భార్య మొహం చూడలేక గోదాములోనే ఎక్కువసేపు ఉండిపోయేవాడు.

అప్పుడు అతనికో తెలివైన ఆలోచన వచ్చింది. తెలివైనదని అతను అనుకున్నాడు. రెండు రిమోట్లనీ ఒకేసారి కారుకి మళ్ళీ పరిచయం చేసేస్తే సరి. మామగారు నొక్కుతారు, పలుకుతుంది, కథ కంచికి చేరుతుంది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఆ తర్వాతి ఆదివారం, భార్యా కూతురూ బజారుకి వెళ్ళగానే, రెండు తాళాలూ తీసుకుని కిందకి వెళ్ళాడు. ఈసారి వీడియో ముందే చివరిదాకా చూశాడు. తలుపులు టకామన్నాయి, తన రిమోట్ నొక్కాడు, మామగారిది నొక్కాడు. రెండూ పలికాయి.

పైకొచ్చేసరికి మామగారు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు.

"మావయ్యగారూ, ఒక్కసారి బాల్కనీలోకి రండి. ఇది నొక్కి చూడండి."

ఆయన తాళం వైపు చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నారు. "వద్దు బాబూ."

"నా మాట విని ఒక్కసారి..."

"పలక్కపోతే నాకు బాధ లేదు, అలవాటైపోయింది" అన్నారాయన. "పలికితేనే భయం. రిమోట్ బాగానే ఉందని మీరు చూశారట కదా, అమ్మాయి చెప్పింది. ఇవాళ నేను నొక్కితే పలికిందనుకోండి, అప్పుడా రోజు నేను నొక్కిందేంటి? నొక్కాననుకుని ఊరికే నిలబడ్డానా? అంతమంది ముందు, పిల్లని పక్కన పెట్టుకుని, ఏం చేస్తున్నానో తెలియకుండా నిలబడ్డానా? అది రుజువు చేసుకోలేను బాబూ. దాన్ని అక్కడే ఉండనివ్వండి."

తప్పు దిద్దానని తెచ్చిన రిమోట్, ఇప్పుడు పలికితే, ఆ తప్పు ఆయనదేనని మామగారి చేతే వేలిముద్ర వేయించేది. గోరుతో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాడు. ఇక గొడ్డలి తన మీద పడాల్సిందే.

నిలబడే చెప్పాడు. తాళం పోవడం, గొడుగు తగిలించడం, వీడియో సగంలో ఆపడం, మర్నాడే సంగతి తెలిసినా దాచడం, చూడకుండానే చూశానని చెప్పడం. చెప్తున్నంతసేపూ కింద గచ్చునే చూశాడు. "మరిచిపోయింది కారు మావయ్యగారూ. మీరు కాదు" అన్నాడు చివర్లో. గొప్ప మాట చెప్పినట్టు అనిపించి, ఆ అనిపించినందుకు ఇంకా సిగ్గుపడ్డాడు.

మామగారు వెనక్కి పెట్టుకున్న చేతులు ముందుకి తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నారు.

"డాక్టరు గదిలో, నేను పావురం మరిచిపోయినప్పుడు, నువ్వు పక్కనే కూర్చున్నావు" అన్నారు. ఆయన ఎప్పుడూ అతన్ని నువ్వు అనలేదు.

"కూర్చున్నాను."

"నీకు అప్పటికే తెలుసు."

"తెలుసు."

"పడుకునే ముందు రోజూ మనవరాలి పేరు పైకి చెప్పుకుంటున్నానయ్యా. లేచేసరికి గుర్తుంటుందో లేదోనని." ఆయన లేచి నిలబడ్డారు. "నన్ను నాకే దొంగని చేశావు కదరా."

అతని చేతిలోంచి తాళం లాక్కుని, చెప్పులు వేసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయారు.

కాసేపటికి కింద నుంచి కారు కీక్‌మంది. మళ్ళీ కీక్‌మంది. తెరవడం, వెయ్యడం, తెరవడం, వెయ్యడం. పైన ఆ చప్పుడు విన్నప్పుడల్లా తాళాల్రావు ఎవరో చెంప మీద కొట్టినట్టు కళ్ళు మూసుకున్నాడు.

"ఏం గోల డ్రైవరుగారూ?" అని ఎదురింటి వకీలు కేకేశాడు.

"పలుకుతోందండీ!" అని మామగారు అంతకంటే గట్టిగా కేకేశారు. "నాకు పలుకుతోంది!"

ఆ తర్వాత గేటు చప్పుడు, మనవరాలి పరుగు, భార్య గొంతు, మామగారి గొంతు, అన్నీ కలగలిసి వినిపించాయి. చెప్పేసి ఉంటారు. చెప్పాల్సిందే. తాళాల్రావు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పారిపోవడానికి ఇంట్లో చోటెక్కడా లేదు.

భార్య బజారు సంచీతో సహా పరుగున వచ్చి, సంచీ నేల మీద పడేసి, అతని చెయ్యి పట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు.

"బ్యాటరీ అట కదా! మీరే కనిపెట్టి మార్చారట. నాన్న చెప్పారు. మీరు గమనించకపోతే నాన్నని మనం ఏం చేసేసి ఉండేవాళ్ళమో!"

ఆమె వెనక, గుమ్మంలో, మామగారు వంగి చెప్పులు విప్పుకుంటున్నారు. తల ఎత్తలేదు. కూతురి కాపురంలో కలత ఎందుకని ఆయన ఆ మాట అని ఉంటారు, అల్లుడి మీద ప్రేమతో కాదు. ఆ సంగతి తాళాల్రావుకి బాగానే తెలుసు. అవునంటే చాలు. తల ఊపినా చాలు. కొక్కేలు, చుక్కలు, అతని పెద్దరికం, అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. మామగారు నీలం చుక్క కింద తాళం తగిలించి, అక్కడే, వీళ్ళ వైపు వీపు పెట్టి ఆగారు.

"బ్యాటరీ కాదు" అన్నాడతను.

ఆమె చెయ్యి ఇంకా అతని చేతిలోనే ఉంది.